బియ్యం డబ్బాలో కాపీ

మా డయాగ్నస్టిక్ సెంటర్‌లో సర్వర్ గది ఒకప్పుడు పాయిఖానా. ఒకప్పుడు అని ఎందుకంటున్నానంటే, తర్వాత దాని మీద చెక్క పలక పరిచి, పలక మీద సర్వర్ పెట్టి, తలుపు మీద ఇతరులకు ప్రవేశం లేదని ఇంగ్లీషులో అంటించారు కాబట్టి. పలక కింద బేసిన్ అలాగే ఉంది. వానాకాలం వస్తే దిల్‌సుఖ్‌నగర్ మురుగంతా ఆ దారినే పైకి రావాలని చూసేది. ఆ కంపులో, ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని రోజూ కూర్చునేవాడు మహిపాల్. వాడి గురించే ఈ గోడు.

నేను స్వరూపరాణిని. అక్కడ రిపోర్టులు టైపు చేసేదాన్ని. మాది తెనాలి దగ్గర పల్లె. చిన్నప్పుడే మా నాన్న తెచ్చి చైతన్యపురిలో పడేశాడు. ఇక్కడే పెరిగాను, ఇక్కడే పెళ్ళయింది, అయినా నోరు తెరిస్తే "మీదేవూరమ్మా" అని అడుగుతారు. సెంటర్ యజమాని చక్రపాణి గారిది కూడా మా వైపే. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడిన రోజులున్నాయి. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

మహిపాల్‌ది నల్లగొండ జిల్లా చౌటుప్పల్ అవతల పల్లెటూరు. ఆ బోరు నీళ్ళు తాగి పళ్ళకు గార పట్టింది. అందుకని నవ్వొచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. డిగ్రీ కాగానే దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, బస్టాండు వెనక సందులో మంచానికిద్దరు చొప్పున కుక్కిన హాస్టల్లో ఉండి నెట్‌వర్కింగ్ కోర్సు చదివాడు. గోడల మీద ఆ కోర్సుల బోర్డులు చూస్తే, లోపలికి వెళ్ళినవాడు విమానం ఎక్కడమే తరువాయి అనిపిస్తుంది. మహిపాల్ ఎక్కింది మాత్రం మా ఆఫీసు సీలింగు. ఎలుకలు కొరికిన తీగలు మార్చడానికి, ఎలుక పెంటికల మధ్య బోర్లా పడుకుని పాకేవాడు. దిగి వచ్చాక సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కునేవాడు.

వాడి పనేమిటో తెలియని వాళ్ళ కోసం చెబుతాను. సెంటర్లో నాలాంటి వాళ్ళ ముందున్న కంప్యూటర్లన్నీ తీగలతో ఒక పెద్ద కంప్యూటర్‌కు కట్టి ఉంటాయి. అదే సర్వర్. రక్తం, ఎక్స్‌రే, ముక్క పరీక్ష, ఎవరు ఏ గదిలో ఏది రాసినా దాంట్లోకే చేరుతుంది. అది పడుకుంటే సెంటర్ మొత్తం పడుకున్నట్టే. అది పడుకోకుండా చూడడమే మహిపాల్ ఉద్యోగం. పని సవ్యంగా జరిగినన్నాళ్ళూ అలాంటి మనిషి ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆగిననాడు మాత్రం అందరి నోటా వాడి పేరే.

మా వాళ్ళతో వాడు పడిన పాట్లు నేను చూశాను. వాడు రాకముందు సెంటర్లో ప్రతి కంప్యూటర్‌కూ ఒకటే పాస్‌వర్డ్, చక్రపాణి గారి ఇలవేల్పు పేరు. వాచ్‌మన్‌కూ తెలుసు, ఎదురుగా ఇడ్లీ బండి వాడికీ తెలుసు. మహిపాల్ ఎవరిది వాళ్ళకు వేరుగా పెట్టించాడు. మర్నాటికల్లా ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆయన తన పాస్‌వర్డ్‌ను గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. సర్వర్ కోసం ఏసీ పెట్టిన ఆ గది చల్లగా ఉంటుందని మూత్రం సీసాలు తెచ్చి సర్వర్ పక్కన పెట్టేవాళ్ళు, అన్నం క్యారియర్లూ అక్కడే పెట్టేవాళ్ళు. చదువుకున్న మనుషులే. నాకైతే అసహ్యం వేసి అరిచేసేదాన్ని. మహిపాల్ అరిచేవాడు కాదు, ఆ సీసాలు తీసి బయట పెట్టి మళ్ళీ చేతులు కడుక్కునేవాడు.

అన్నిటికన్నా వాడికి పట్టింపు కాపీ మీద. సాయంత్రం ఇంటికెళ్ళే ముందు సర్వర్‌లో ఉన్నదంతా అరచేతిలో పట్టే డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కు తనతో తీసుకుపోయేవాడు.

"అదెందుకయ్యా ఇంటికి?" అని ఒకసారి అడిగాను.

"ఒక్కటే కాపీ ఉంటే లేనట్టే లెక్క అక్కా. రెండోది ఇంకో ఇంట్ల ఉండాలె. ఇల్లు కాలితే ఇంట్ల దాసిన తాళంచెవి సుత కాల్తది గదా."

సరూర్‌నగర్ చెరువు దగ్గర కిరాయి ఇంట్లో ఉండేవాడు. చెరువు చెమ్మకు గోడలకు బూజు పట్టేది. అందుకని వాళ్ళావిడ ప్రవీణ ఆ డిస్కును కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో పాతిపెట్టేది. బియ్యంలో ఉంటే తేమ తగలదట. మా సెంటర్ ప్రాణమంతా రాత్రిపూట సన్నబియ్యంలో పడుకుని, పొద్దున్నే తిరిగి వచ్చేదన్నమాట.

ఇక దసరా సంగతి. ఆయుధ పూజ నాడు ఆటో ఉన్నవాడు ఆటో కడుగుతాడు, వడ్రంగి ఉలి కడుగుతాడు. కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, ఆ పూటకు దానికి విశ్రాంతి ఇస్తారు. అన్నం పెట్టే వస్తువుకు దండం పెట్టుకోవడం నాకూ ఇష్టమే. చక్రపాణి గారి భక్తి అక్కడితో ఆగదు. సర్వర్‌ను కూడా కడగాలంటాడు. మహిపాల్ చేరిన మొదటి దసరాకు, ఆయన సాంబ్రాణి పళ్ళెం తీసుకుని ఆ గదిలోకి వెళుతుంటే వాడు అడ్డం పడుకున్నంత పని చేశాడట. మరుసటి ఏడు ఉపాయం ఆలోచించాడు. స్టోరు గదిలో లోపలంతా కాలిపోయిన పాత సర్వర్ ఒకటి పడి ఉంది. దాన్ని బయటకు లాగి, ఊడ్చే ఈరమ్మ చేత తళతళా కడిగించి, బంతిపూల దండ వేసి పూజకు పెట్టాడు.

"ఏంటిది, దేవుడి దగ్గర కూడా డూప్లికేటా?" అన్నాను.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "గుళ్ళె మూలవిరాట్టును ఊరేగిస్తరా అక్కా? ఊరేగింపుకు ఉత్సవ విగ్రహం వేరే ఉంటది. గిది గంతే."

ఏటా ఆ చచ్చిన పెట్టెకే పూజ. దాని వెనక తీగ ఒక్కటి కూడా లేదని చక్రపాణి గారు ఏనాడూ చూడలేదు. దానికే కొబ్బరికాయ కొట్టి, దాని దయవల్లే సెంటర్ నడుస్తోందని చెంపలు వేసుకునేవాడు.

రెండువేల పదకొండులో, తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గు లేక కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మహిపాల్ డ్యూటీ మానలేదు. పొద్దున్నే పనికొచ్చి, తీరిక దొరికినప్పుడు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో శిబిరానికి వెళ్ళేవాడు. ఆ శిబిరం పెద్ద భిక్షపతి. కండువా మడత నలగని నాయకుడు. ఆయన కంప్యూటర్ పనంతా మహిపాలే చేసి పెట్టేవాడు.

అప్పుడు మా చక్రపాణి గారికి భయం పట్టుకుంది. భయపడితే తప్పు లేదు, భయం ఎవరికైనా ఉంటుంది. ఆయన అందరినీ నిలబెట్టి ఏమన్నాడంటే, "చూడండీ, ఈ సమ్మె అయ్యేదాకా ఆఫీసు వస్తువు ఒక్కటి కూడా గుమ్మం దాటడానికి వీల్లేదు. వెళ్ళేటప్పుడు అందరి సంచులూ చూస్తాం" అన్నాడు. అందరివీ అన్నది మాటకే. వాచ్‌మన్ చూసింది నల్లగొండ వైపు వాళ్ళ సంచులు మాత్రమే. నా సంచి నేనే తెరిచి చూపిస్తే, "మీరెందుకమ్మా, మీరు మనవాళ్ళు" అన్నాడు. ఆ మాట వాడికి చక్రపాణి గారు నేర్పిందే. ఇంటికెళ్ళి స్నానం చేసినా ఆ మాట ఒంటి మీంచి పోలేదు.

మహిపాల్ ఆయన దగ్గరకు వెళ్ళి అడిగాడు. నేను అక్కడే ఉన్నాను.

"సార్, కాపీ డిస్కు ఒక్కటి జర తీస్కపోనియ్యుండ్రి. కరెంటు గిట్ల వచ్చుకుంట పోవుకుంట ఉంటే సర్వర్‌ను నమ్మలేం. ఈడ ఏమన్న అయితే రెండూ ఒక్కసారే పోతయ్."

"దాన్నీ ఆ గదిలోనే పెట్టవయ్యా. మా సొత్తు మీ ఇంట్లో ఎందుకు?"

మా, మీ. అన్నేళ్ళూ "మన సెంటర్" అని చెప్పి పండగ సెలవుల్లో కూడా పని చేయించుకున్న నోరు అది.

మహిపాల్ మానలేదు. క్యారియర్ అడుగు గిన్నెలో డిస్కు పెట్టి, పై గిన్నెలో ఎంగిలి మెతుకులు, పులుసు మిగిల్చేవాడు. వాచ్‌మన్ మూత తీసి చూసి మొహం తిప్పుకునేవాడు. ఒకరోజు నేనే వాడిని ఆపి అడిగాను.

"పట్టుబడితే దొంగవంటారు రా నాయనా. ఎందుకొచ్చిన తలనొప్పి?"

"దొంగతనమంటే వాళ్ళది మనం వాడుకునుడు అక్కా. గిది వాళ్ళదే వాళ్ళకు దాసుడు."

ఆ ఏడు ఆయుధ పూజ రోజునే ఎల్‌బీ నగర్‌లో వంటావార్పు పెట్టారు. విజయవాడ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, దారిన పోయేవాళ్ళకు వడ్డించడం, అదే నిరసన. మహిపాల్ ఆ రోజుకు సెలవు పెట్టాడు. ముందురోజు సాయంత్రమే చచ్చిన పెట్టెను కడిగించి, పూజ బల్ల మీద పెట్టించి, దండ కూడా వేసి, ఈరమ్మకు అప్పజెప్పి, డిస్కు తీసుకుని ఇంటికి వెళ్ళాడు.

చక్రపాణి గారు పట్టు పంచెతో వచ్చాడు. ఎప్పుడూ లేనిది, ఆ పెట్టె ముందు ఆగి వంగి చూశాడు. సమ్మె పుట్టినప్పటినుంచీ ఆయనకు ప్రతిదాన్నీ వంగి చూడడం అలవాటైంది.

"దీనికి లైట్లు వెలగట్లేదేంటి?"

ఈరమ్మకు అబద్ధం రాదు. "గది సచ్చిన డబ్బా సార్. మహిపాల్ సారు ఏటా గదే పెడ్తడు" అంది, మంచి సంగతి చెబుతున్నట్టు.

ఆయన మొహం చూడాలి. "అంటే ఇన్నేళ్ళుగా నా చేత శవానికి పూజ చేయించాడా? అమ్మవారిని మోసం చేశాడా, నా బిల్డింగులో?" అని ఊగిపోయాడు. తిన్నగా ఆ పాయిఖానా గదిలోకి వెళ్ళి, పనిచేస్తున్న సర్వర్ తీగలు చేత్తో పీకి, దాన్ని మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"సార్, దానికి నీళ్ళు తగలకూడదండీ. మహిపాల్‌కి ఫోన్ చేస్తాను, ఒక్క నిమిషం ఆగండి" అన్నాను.

"నువ్వు టైపు చేసుకో స్వరూపా. కారు కడగట్లేదూ? కారు చచ్చిపోతోందా?"

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. ఈరమ్మ చేత తడిగుడ్డతో తుడిపించాడు. గాలి పోయే చిల్లుల మీద పసుపు ముద్ద మెత్తాడు. కొబ్బరికాయ దాని పక్కనే బల్ల అంచుకేసి కొట్టాడు. నీళ్ళు చిమ్మి సగం లోపలికే పోయాయి. సాంబ్రాణి పొగ వేశాడు. తర్వాత అందరూ చూస్తుండగా, అమ్మవారి దయ వెంటనే కనపడాలని, తడి ఆరకముందే ప్లగ్గు పెట్టాడు. టప్ మంది. సాంబ్రాణి, మాడిన తీగ, మురుగు, మూడు వాసనలూ కలిసి హాలంతా కమ్మాయి. పక్కన నిలబడ్డ డాక్టర్లు, టెక్నీషియన్లు ప్రసాదం దొన్నెలు చేతిలో పట్టుకుని పులిహోర తింటున్నారు.

"చూశారా, అమ్మవారికి ఎంత కోపం వచ్చిందో" అన్నాడు చక్రపాణి గారు. అని, ఆయన కూడా ఒక దొన్నె అందుకున్నాడు.

మధ్యాహ్నం లచ్చమ్మ వచ్చింది. హయత్‌నగర్ అవతల ఏదో పల్లె. ఆమె గొంతు దగ్గర గడ్డ ఉంటే, అందులోంచి ముక్క కోసి మా దగ్గర పరీక్షకు ఇచ్చారు. డాక్టరు ముందురోజు మధ్యాహ్నమే రిపోర్టు రాసి సర్వర్‌లో పెట్టి, పండగకని ఊరికెళ్ళిపోయాడు. కాగితం మీదకు ఎక్కలేదు. ఆయన ఫోను కలవడం లేదు. పండగ మర్నాడే దవాఖానలో ఆపరేషన్‌కు చేరాలి, రిపోర్టు చేతిలో లేకపోతే చేర్చుకోరు.

"లేకుంటె మల్ల కోస్తరా బిడ్డా?" అని అడిగింది నన్ను, గొంతు మీద కట్టు తడుముకుంటూ. బస్సుల్లేక కొంత దూరం ఆటోలో, కొంత దూరం నడిచి వచ్చింది. ఆమెకు మంచినీళ్ళిచ్చాను. మహిపాల్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఆ నినాదాల్లో వాడికి వినపడితేగా.

ఎట్టకేలకు నా ఫోను చూసుకుని వచ్చాడు. బట్టలు కట్టెల పొగ వాసన కొడుతున్నాయి, మోచేతికి పప్పు మరక. లచ్చమ్మ వాడిని చూసి లేచి నిలబడింది.

"నువ్వే గద బిడ్డా, పొద్దుగాల రోడ్డు మీద నాకు ఇస్తరాకుల అన్నం పెట్టింది!"

వాడు తలూపి, సర్వర్ ముందు కూర్చుని మూత విప్పాడు. లోపల పసుపు నీళ్ళు, బంతి రెక్కలు, కుంకుమ బురద. కొబ్బరి నీళ్ళ తీపికి అప్పుడే చీమలు పట్టాయి. వాడు ఒక్కొక్క రెక్కా ఏరి పక్కన పెట్టాడు. నాకు మాత్రం ఆ పెట్టె తీసి ఎవరి నెత్తినో వేయాలనిపించింది.

"నీ దొంగ పూజల వల్లే ఇదంతా" అన్నాడు వెనకనుంచి చక్రపాణి గారు. "లేదంటే సమ్మెకు పోతూ పోతూ నువ్వే ఏదో చేసి పోయుంటావు. మీ వాళ్ళ సంగతి నాకు తెలియదా?"

"రెండింట్లో ఏదండీ? అమ్మవారు చేసిందా, మహిపాల్ చేశాడా?" అన్నాను నేను.

మహిపాల్ మాత్రం లచ్చమ్మ కట్టు వైపు చూస్తున్నాడు. వాడి తలలో ఏం తిరుగుతోందో నాకొక్కదానికే తెలుసు. కాపీ ఉంది, సరూర్‌నగర్‌లో బియ్యం డబ్బాలో. ఉందంటే వాడు దొంగ. గుమ్మం దాటకూడదన్న వస్తువు దాటించానని వాడి నోటితో వాడే ఒప్పుకున్నట్టు. లేదంటే వాడికేమీ కాదు, ఆ ముసలమ్మ గొంతు మళ్ళీ కోస్తారు. చెప్పొద్దని కళ్ళతో సైగ చేశాను. చేశానని సిగ్గేమీ లేదు, వాడు నాకు తమ్ముడి కింద లెక్క.

"సార్, కాపీ ఉన్నది. మా ఇంట్ల" అన్నాడు మహిపాల్.

చక్రపాణి గారి మొహంలో ముందు వెలుగొచ్చింది. తర్వాత కళ్ళు చిన్నవయ్యాయి. తర్వాత మళ్ళీ నవ్వు. "తీసుకురా నాయనా, తీసుకురా. నువ్వు మనిషివి కాదయ్యా, దేవుడివి" అన్నాడు.

వాడు వెళ్ళి తెచ్చాడు. కవరు మడతల్లో బియ్యపు గింజలు ఇంకా ఉన్నాయి. నా కంప్యూటర్‌నే సర్వర్‌లా తయారుచేసి, డిస్కులో ఉన్నదంతా అందులోకి ఎక్కించాడు. మధ్యలో కరెంటు పోయింది, మళ్ళీ మొదలుపెట్టాడు. పొద్దుగూకే వేళకు లచ్చమ్మ రిపోర్టు, కింద డాక్టరు సంతకం అచ్చుతో సహా, ప్రింటర్లోంచి బయటకొచ్చింది. ఆమె కాగితాన్ని కొంగులో చుట్టుకుని వాడి గడ్డం పట్టుకుంది. "సల్లగుండు కొడుకా" అంది.

"ఆ డిస్కు ఇక్కడ పెట్టి వెళ్ళు" అన్నాడు చక్రపాణి గారు.

మహిపాల్ ఇచ్చేశాడు. "ఇంకో కాపీ చేసి ఇంకో ఇంట్ల పెట్టుండ్రి సార్, యాద్ మర్వకుండ్రి" అని చెప్పి మరీ ఇచ్చాడు.

ఏరు దాటాక తెప్ప తగలేసినట్టే చేశాడు ఆ పెద్దమనిషి. మర్నాడు దసరా. ఊరంతా జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకునే వేళకు పోలీసులు సరూర్‌నగర్ వెళ్ళి మహిపాల్‌ను తీసుకుపోయారు. కావాలని సర్వర్ పాడుచేశాడని, సెంటర్ సమాచారం దొంగిలించి ఇంట్లో దాచాడని ఫిర్యాదు. ప్రవీణ ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. ఠాణాకు పరుగెత్తాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. పసుపు ముద్ద, తడిగుడ్డ, కొబ్బరి నీళ్ళు, అన్నీ చెప్పాను. ఎస్సై ఓపిగ్గానే విన్నాడు.

"అవన్ని సరే అమ్మా. డిస్కు ఆయన ఇంట్ల ఉండెనా, లేకుండెనా? గది చెప్పుండ్రి."

"ఉంది, కానీ..."

"కానీలు కోర్టుల చెప్పుండ్రి."

మహిపాల్ బల్ల చివర కూర్చుని ఉన్నాడు. "తీస్కపోయిన మాట నిజమే సార్" అని వాడూ అన్నాడు. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేదో! ఆ క్షణంలో వాడి మీద కూడా నాకు ఒళ్ళు మండింది.

సెంటర్లో పులిహోర తిన్నవాళ్ళెవ్వరూ ఠాణా మెట్లెక్కలేదు. ఇక రావద్దని చక్రపాణి గారు నాకు కబురు పెట్టాడు. పోయేదెవరు? ఆ గుమ్మం తొక్కితే కాళ్ళు కడుక్కోవాలి.

ప్రవీణను వెంటబెట్టుకుని ఎల్‌బీ నగర్ శిబిరానికి వెళ్ళాను. మా వైపు పెద్దమనిషి కాకపోయినా వీళ్ళ వైపు నాయకుడైనా పట్టించుకుంటాడని ఆశ. భిక్షపతి మా ఇద్దరికీ కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించి, అంతా విని, కండువా సర్దుకున్నాడు.

"ఉద్యమం కేసైతే నేనే ముందట ఉండి కొట్లాడుదును అక్కా. కని గిది దొంగతనం కేసాయె. మేము ఎన్కేసుకొస్తె ఉద్యమానికి బద్నాం వస్తది."

ఆయన వెనక గుడారానికి కట్టిన బ్యానరు మహిపాల్ తయారుచేసి ఇచ్చిందే. ప్రవీణ దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ చాయ్ నేను ముట్టుకోలేదు. అటు వైపు వాడికి వీడు తెలంగాణవాడు కాబట్టి దొంగ. ఇటు వైపు వాడికి దొంగ కాబట్టి తెలంగాణవాడు కాకుండా పోయాడు. రెండు వైపులా మనుషులను చూశాక నాకు వాంతి తప్ప ఇంకేమీ మిగల్లేదు.

మహిపాల్ బెయిలు మీద బయటకొచ్చాడు, కేసు మాత్రం కాళ్ళకు చుట్టుకుంది. నెట్‌వర్క్ చూసుకునే మనిషి చేతిలో కంపెనీ తాళాలన్నీ ఉంటాయి. దొంగతనం కేసున్నవాడికి ఆ తాళాలు ఎవరిస్తారు? వెళ్ళిన ప్రతిచోటా కేసు సంగతి వాడే ముందుగా చెప్పేసేవాడు, వాళ్ళు మళ్ళీ పిలుస్తామనేవాళ్ళు. వాడికి ఆ పనిలో ఉన్న ఇష్టం నాకు తెలుసు. మా ఇంటికొస్తే, మాట్లాడుతూనే టీవీ వెనక చిక్కుపడ్డ తీగలు చూసి చేతులు ఊరుకోలేక సర్దేవాడు.

రాష్ట్రం వచ్చింది. పటాకులు, గులాల్, ధూంధాం. మా చక్రపాణి గారు మెడలో గులాబీ కండువా వేసుకుని సెంటర్ ముందు మిఠాయి పంచాడట. పక్కన భిక్షపతి నిలబడి ఫొటో దిగాడట. ఉద్యమంలో పెట్టిన కేసులు ఎత్తేస్తారని పేపర్లో పడితే ప్రవీణ ఆ ముక్క కత్తిరించి తెచ్చి నాకు చూపించింది. మహిపాల్ కేసు అందులో ఎక్కడుంటుంది? అది దొంగతనం. రాష్ట్రం వచ్చినా పోలేదు.

ఈ మధ్య ఈరమ్మ చంపాపేట్ సంతలో కనపడింది. ఇంకా అక్కడే ఊడుస్తోంది. నన్ను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రోజు తన నోటి వల్లే ఇదంతా జరిగిందని ఆమె బాధ. నీ తప్పేం లేదని చెప్పాను. అప్పుడు ఇంకో సంగతి చెప్పింది.

"దసరాకు ఇప్పుడు గా సచ్చిన డబ్బానే పెడ్తుండ్రు అమ్మా. పెద్దసారే పెట్టుమన్నడు, మంచిదానికి నీళ్ళు తాకొద్దని. పొద్దుమీకి డిస్కు సుత సారే సంచిల ఏస్కొని ఇంటికి కొంచవోతడు."

కూరగాయల సంచి అక్కడే పెట్టి కాసేపు మెట్టు మీద కూర్చున్నాను. వాడి ఉత్సవ విగ్రహం కావాలి, వాడి రెండో కాపీ కావాలి. వాడు మాత్రం దొంగ.

పోయిన నెల మా అమ్మకు బాగోలేదంటే తెనాలి వెళ్ళాల్సి వచ్చింది. టికెట్టు కోసం ఎల్‌బీ నగర్ వెళ్ళాను. మెట్రో స్టేషను కింద వరసగా ప్రైవేటు బస్సుల కౌంటర్లు. ఒక కౌంటర్లో మహిపాల్ కూర్చుని ఉన్నాడు, విజయవాడ వైపు బస్సులకు టికెట్లు కొడుతున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి, "బాగున్నవా అక్కా" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

మాట్లాడుతుండగానే వాడి ముందున్న కంప్యూటర్ ఆగిపోయింది. తెర మీద ఏవో అక్షరాలు నిలిచిపోయాయి. జనం గొడవ మొదలుపెట్టారు. బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మహిపాల్ మెకానిక్‌కు ఫోన్ చేసి, కంప్యూటర్ బాగాలేదని చెప్పి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెర వైపు ఒక్కసారి చూశాడు, చూపు తిప్పుకున్నాడు. దానికి ఏమైందో వాడికి తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది.

"మెకానిక్ ఎప్పుడొస్తాడో ఏమో. నువ్వే చూడొచ్చు కదయ్యా, నీకు చిటికెలో పని" అన్నాను మెల్లగా.

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"టికెట్లు కొట్టుడు తప్ప నాకు కంప్యూటర్ పని రాదని చెప్పి చేరిన అక్కా. వస్తదంటె, ఏడ పనిచేసినవని అడుగుతరు."